టెంకలు పారేసిన ఊరు

ఖుజంద్,
మార్చి 6

అక్క ఓయ్‌నిసోకి తమ్ముడు బహ్రిద్దీన్ సలాం.

అక్కడ అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ కోడలు మవ్జునాకి ఆడపిల్ల పుట్టిందని వ్యాన్ నడిపే రజబ్ చెప్పాడు. చాలా సంతోషం. ఫోన్ చేద్దామంటే నువ్వు "ఈ గరగరలో నీ మాట ఒక్కటీ వినపడదు" అని పెట్టేస్తావు కాబట్టి ఈ ఉత్తరం రజబ్ చేతికే ఇస్తున్నాను. పైగా ఇది ఫోన్లో చెప్పేంత చిన్న సంగతి కాదు.

మన ఇస్ఫరా పళ్ల ఫ్యాక్టరీకి కొత్త బాయిలర్ వస్తోంది అక్కా. ఇన్నేళ్లూ బొగ్గు మింగి పట్నమంతా నల్లపొగ కక్కిన పాతదాన్ని పీకేస్తాం. కొత్తది ఖుబానీ పళ్ల టెంకల చిప్పలతో నడుస్తుంది. రసం కాచడానికీ, జాము ఉడికించడానికీ, డబ్బాలు మరిగించడానికీ ఆవిరంతా దాన్నుంచే వస్తుంది. డబ్బు ఒక విదేశీ సంస్థ ఇస్తోంది. వాళ్ల కాగితాల్లో దీని పేరు 'ఆహార పరిశ్రమ వ్యర్థాల నుంచి ఇంధనం'. ఆ రూపకల్పన ఎవరిదనుకున్నావు? నీ తమ్ముడిదే.

మా డైరెక్టర్ నజ్మిద్దీనొవ్ నిన్న నా భుజం తట్టి, "సెప్టెంబరుకల్లా బాయిలర్ వెలిగిందా, ప్రధాన ఇంజనీరు కుర్చీ నీదే" అన్నాడు. విదేశీయుల షరతు ఒక్కటే. ఏటా ఎన్ని టెంకలు వృథాగా పోతున్నాయో చూపించాలి. సంగోబ్‌లో ఫ్యాక్టరీ పళ్లకి టెంక తీసే ఆడవాళ్లందరికీ పెద్ద నువ్వే కదా. ఎక్కడ పారేస్తారు, ఎంత పారేస్తారు, కాస్త వివరంగా రాయి.

నీ తమ్ముడు,
బహ్రిద్దీన్


సంగోబ్,
మార్చి 15

తమ్ముడు బహ్రిద్దీన్‌కి,

సలాం. బాగున్నాం. పిల్లకి నోజనీన్ అని పేరు పెట్టాం. పాపం, ముక్కు నీదే వచ్చింది.

నీ ఉత్తరం మన ఊరి ముసలమ్మ సఫర్‌మో బీబీకి చదివి వినిపించాను. టెంకలు ఎక్కడ పారేస్తారు అన్న చోటికి వచ్చేసరికి ఆవిడ నవ్వి నవ్వి కట్టుడుపళ్లు తీసి చేతిలో పట్టుకుంది. "వీడు మన బహ్రిద్దీనేనటే? కుంపటి మీద బల్ల వేసి కప్పిన సందలి బొంత కింద కాళ్లు దూర్చుకుని, ఆ బల్ల మీదే లెక్కలు చేసుకుంటూ, కుంపట్లో చిప్పలు అయిపోతే 'అక్కా, ఇంకో గుప్పెడెయ్యవే' అని అరిచేవాడే, వాడేనా?" అంది. వాడేనన్నాను. "పెద్ద చదువులు చదివితే కాళ్లు చలి మర్చిపోతాయేమోలే" అంది.

ఉత్తరాల్లో ఏం రాస్తాం గానీ, ఒకసారి వచ్చి చూసి పో. రెండున్నర గంటల దారి. నువ్వొచ్చి మూడేళ్లయింది. నీ కుర్చీ వచ్చాక ఎలాగూ రావు.

అక్క,
ఓయ్‌నిసో


ఖుజంద్,
ఏప్రిల్ 1

అక్కా,

రావాలనే ఉంది కానీ ఊపిరి సలపడం లేదు. అవన్నీ పాత రోజులు అక్కా. అప్పుడు గతిలేక టెంక చిప్పలు కాల్చుకున్నాం. ఇప్పుడు ఊళ్లు మారాయని ప్రతి నివేదికా చెబుతోంది.

నా బదులు షహ్లో అనే అమ్మాయిని పంపుతున్నాను. ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపుకుంటుంది. చివర ఊరి పెద్దగా నీ సంతకం కావాలి. ఆ ఫారాలు విదేశాల్లో చదువుతారు. కాబట్టి ఆ అమ్మాయి ముందు మన ఊరి పరువు, నా పరువు నిలబెట్టే భారం నీదే.

బహ్రిద్దీన్


సంగోబ్,
ఏప్రిల్ 12

తమ్ముడూ,

నీ షహ్లో వచ్చింది, నాలుగు రోజులుంది, వెళ్లింది. ఇంటింటా దస్తర్‌ఖాన్ పరిచారు. పలావు తినలేక చచ్చింది పిల్ల. సంతకం పెట్టాను. నీ పరువుకి వెంట్రుకంత లోటు రానివ్వలేదు.

ఓయ్‌నిసో


ఖుజంద్,
మే 22

నా బంగారు అక్కకి,

నీ మేలు ఈ జన్మలో మర్చిపోను. సంగోబ్‌లో తొంభై ఆరు గడపలు. తొంభై ఆరు ఫారాల్లోనూ 'టెంకలను ఏం చేస్తారు?' అన్న ప్రశ్నకి ఒకటే జవాబు: పారేస్తాం. అమ్ముతామని ఒక్కరూ అనలేదు. వాడుకుంటామని ఒక్కరూ అనలేదు. విదేశీయులు తెల్లబోయారట. ఇంత స్పష్టమైన సర్వే తాము ఏ దేశంలోనూ చూడలేదని రాశారు. కింద నీ సంతకం, ముత్యాల్లాంటి అక్షరాలు.

చూశావా, ఊళ్లు మారాయని నేను చెబితే నవ్వారు మీరు. ఇప్పుడు మీ నోటితో మీరే చెప్పారు.

బాయిలర్ బయల్దేరింది. పొగ్గొట్టానికి ఆకుపచ్చ రంగు వేయిస్తున్నారు. సెప్టెంబరు 20న ప్రారంభం. అతిథులు విమానంలో వస్తారు.

నీ తమ్ముడు (త్వరలో ప్రధాన ఇంజనీరు),
బహ్రిద్దీన్


సంగోబ్,
జూలై 2

బహ్రిద్దీన్‌కి,

ఖుబానీ పళ్లు కోతకొచ్చాయి. వారం నుంచి మా పెరళ్ల నిండా ఫ్యాక్టరీ పెట్టెలే. వాటితో పాటు ఈసారి ఒక కాగితం కూడా వచ్చింది. "ఈ ఏటి నుంచి టెంకలన్నీ ఫ్యాక్టరీకి అప్పగించవలెను. వ్యర్థాలు ఫ్యాక్టరీ ఆస్తి" అని ఉంది. కింద మీ డైరెక్టర్ ముద్ర.

నీకు తెలియదని కాదు, మర్చిపోయావేమోనని రాస్తున్నాను. మన అమ్మ, అమ్మమ్మ కాలం నుంచీ ఒకటే పద్ధతి. పండు ఇచ్చినవాళ్లకి ఎండిన పండు వెళ్తుంది. విప్పిన చేతికి టెంక మిగులుతుంది. మాకు వేరే కూలి లేదు. పొద్దస్తమానం కూర్చుని, వేళ్ల సందులు పులిసి పుళ్లు పడేలా విప్పేది ఆ టెంక కోసమే. చలికాలం కూర్చుని పగలగొడతాం. లోపలి పప్పు బజారుకి పోతుంది. చిప్ప కుంపట్లోకి పోతుంది. ఆ బూడిదలోనే ఉప్పు కలిపి పప్పు వేయిస్తాం. ఇందులో మీ వ్యర్థం ఎక్కడుందో నాకు కనపడలేదు. కరెంటు ఇచ్చేది చలికాలంలో పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. మిగతా ఇరవై గంటలూ ఊళ్లో పసిపిల్లలు ఆ చిప్పల వేడి మీదే బతుకుతారు.

ఆడవాళ్లు నన్ను చుట్టుముట్టారు. "నీ తమ్ముడి కాగితమేనటగా" అన్నారు.

సఫర్‌మో బీబీయే దారి చూపించింది. "టెంకలు అప్పగించమన్నారు. అంతేగా? అప్పగిద్దాం. పండులోంచి తీసి అప్పగించమని ఎక్కడన్నా రాశారేమో చూడండి" అంది. చూశాం, రాయలేదు. అందుకని ఈ ఏడు ఒక్క పండూ విప్పడం లేదు. పండు పండుగానే ఎండబెట్టి ఇచ్చేస్తున్నాం. మీ టెంకలన్నీ భద్రంగా లోపలే ఉన్నాయి, ఒక్కటి తగ్గినా నన్నడుగు.

ఓయ్‌నిసో


ఖుజంద్,
జూలై 13

అక్కకి,

నీకేమైనా పిచ్చి పట్టిందా? అన్ని వందల పెట్టెల పండు టెంకతో ఎండబెడితే కొనేవాడెవడు? డైరెక్టర్ నన్ను నిలబెట్టి అందరి ముందూ కడిగేశాడు. "మీ ఊరేగా, మీ అక్కేగా!" అని పదిసార్లు అన్నాడు.

టెంకలు మాకు కూలి, మాకు వెచ్చదనం అని ఇప్పుడంటున్నావు. మరి ఏప్రిల్లో పారేస్తామని ఎందుకు రాయించారు? తొంభై ఆరు ఫారాలు నా బల్ల మీదున్నాయి. అన్నిటి కిందా నీ సంతకం ఉంది. ఆ ఫారాల్ని నమ్మి నేను బాయిలర్ తెప్పించాను, వాళ్లు డబ్బిచ్చారు, ఆకుపచ్చ పొగ్గొట్టం నిలబడింది. ఇప్పుడు దాని కడుపులో వేయడానికి గుప్పెడు చిప్పలు లేవు. సెప్టెంబరు 20న విదేశీయులు వచ్చి ఖాళీ బాయిలర్ చూస్తే నాకు ప్రధాన ఇంజనీరు కుర్చీ కాదు, గుమాస్తా స్టూలు కూడా మిగలదు.

అడగడానికి నోరు రావడం లేదు గానీ, ఇక దారి లేక అడుగుతున్నాను. మీ ఇళ్లల్లో నిరుటివీ, మీ సొంత చెట్లవీ చిప్పలు కొన్ని ఉంటాయి కదా. ఆ ఒక్క రోజుకి అప్పివ్వండి. బస్తాకి బస్తా బొగ్గు, తొలి మంచు పడకముందే ఫ్యాక్టరీ లారీలో సంగోబ్‌కి వస్తుంది. డైరెక్టర్‌తో మాట్లాడాను. ఇది నా మాట.

బహ్రిద్దీన్


సంగోబ్,
ఆగస్టు 3

తమ్ముడూ,

పారేస్తామని ఎందుకు రాయించారు అని అడిగావు. ఇన్నాళ్లు నీకు చెప్పలేదు, చెప్పడానికి సిగ్గేసింది. తప్పంతా నాది.

నీ షహ్లో వచ్చే ముందురోజు అందర్నీ మా పెరట్లోకి పిలిచాను. "రేపొచ్చేది మా తమ్ముడి ఆఫీసు పిల్ల. దాని కాగితం విదేశాలకి పోతుందట. కరెంటు లేదు, బొగ్గు లేదు, టెంక చిప్పలు కాల్చుకుని బతుకుతున్నాం అని ఎవరైనా అతిథి ముందు ఏడిచారో, ఊరుకోను" అన్నాను. "మరేం చెప్పమంటావే?" అన్నారు. "పారేస్తాం అనండి. పారేసుకునేంత ఉందనుకుంటారు" అన్నాను. నువ్వే కదా పరువు నిలబెట్టమన్నావు.

ఆ పిల్ల బీబీ ఇంటికి వెళ్లేసరికి చలికి వణికిపోతోంది. బీబీ సందలి కుంపట్లో నాలుగు గుప్పెళ్లు ఎక్కువేసి, దాని కాళ్లు లోపల పెట్టించి, మెడదాకా బొంత కప్పింది. అప్పుడా పిల్ల ఫారం తీసి, "బీబీ, టెంకలేం చేస్తారు?" అంది. "పారేస్తాం తల్లీ, వాటితో మాకేం పని?" అంది బీబీ. "మరి ఇల్లు ఇంత వెచ్చగా ఎలా ఉంది?" "కరెంటు పొయ్యి ఉందిగా!" కరెంటు పోయి అప్పటికి మూడు గంటలు. ఆ పిల్ల పాదాలు మా చిప్పల మీద కాగుతుంటే, చేత్తో 'పారేస్తారు' అని రాసుకుంది. పక్కింటి వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, పారేసే చోటు కూడా చూపించారట. అందరం రాత్రి నవ్వుకున్నాం. మేమేదో గెలిచామనుకున్నాం.

నా సంతకానికి నేనే కట్టుబడాలి. మా ఇంటి బస్తాలు పద్నాలుగూ ముందు పెరట్లో పెట్టాను. ఎవర్నీ అడగలేదు. సాయంత్రానికి ఒక్కొక్కరే మోసుకొచ్చి పక్కన పడేయడం మొదలుపెట్టారు. తిట్టుకుంటూనే తెచ్చారనుకో. "దూరం నుంచొచ్చిన అతిథులకి చల్లారిన పొయ్యి చూపిస్తామా?" అంది బీబీ. ఆవిడవి ఏడు బస్తాలు, అవే మొత్తం. వాటిని చేరేయడానికి రజబ్ వ్యాన్ వారం రోజులు తిరిగింది.

ఇక ఊళ్లో చిప్పలు లేవు బహ్రిద్దీన్. ఈ ఏడు పళ్లు కూడా విప్పలేదు కాబట్టి కొత్తవీ రావు. నీ మాట మీద ఇచ్చాం.

ఓయ్‌నిసో


ఖుజంద్,
సెప్టెంబరు 24

అక్కా,

దివ్యంగా జరిగింది! బ్యాండు, పూలు, స్వాగతానికి రొట్టె, ఉప్పు అన్నీ అమిరాయి. విదేశీ పెద్దాయన మీట నొక్కగానే బాయిలర్ గుర్రుమంది. పొగ లేదు. ఆయన పొగ్గొట్టం కేసి చూసి, "పొగేది?" అన్నాడు. "ఇంతేనండీ, మా ఊరి వ్యర్థం ఇంత శుభ్రంగా మండుతుంది" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు జరీ చపాన్ అంగరఖా కప్పి, ప్రధాన ఇంజనీరునని అక్కడికక్కడే ప్రకటించారు. ఆ క్షణంలో అమ్మ ఉంటే బాగుండేది అనిపించింది.

మీ బస్తాలు సాయంత్రం నాలుగింటికి అయిపోయాయి. అంత తొందరగా అవుతాయనుకోలేదు. కాగితం మీద దాని ఆకలి నాకు తెలుసు, కళ్లారా చూడటం వేరుగా ఉంది. అతిథులు మూడింటికే భోజనాలకి వెళ్లిపోయారు కాబట్టి ఎవరూ గమనించలేదు.

మీ బొగ్గు సంగతి మర్చిపోలేదు. ఉత్తర్వు తయారైంది. అక్టోబరు మొదటి వారంలో పంపుతారు.

బహ్రిద్దీన్


సంగోబ్,
డిసెంబరు 19

తమ్ముడూ,

పెన్ను ఎక్కడో పోయింది, పెన్సిల్‌తో రాస్తున్నాను. ఏమనుకోకు.

బాగున్నాం. పని ఒత్తిడి ఉంటుంది కాబట్టి నువ్వు రాయకపోయినా ఏం అనుకోవడం లేదు. నోజనీన్‌కి రెండు పళ్లొచ్చాయి. కాస్త దగ్గు, అంతే. మేమంతా ఇప్పుడు ఒకే గదిలో సర్దుకున్నాం, కబుర్లకి బాగుంటుంది. బీబీ కూడా మా దగ్గరికే వచ్చేసింది. తన కట్టుడుపళ్లు రాత్రి గ్లాసులో పెడితే పొద్దున బయటికి రావట్లేదని ఆవిడ ఒకటే తిట్లు. నవ్వలేక చస్తున్నాం.

మొన్న ఇస్ఫరా ఆసుపత్రికి వెళ్తూ మీ ఫ్యాక్టరీ వెనక నుంచి నడిచాను. టమాటా, ద్రాక్ష పిండగా మిగిలిన పిప్పి గోడ వారన కొండలా పోశారు. చలికాలం కాబట్టి సరిపోయింది గానీ, ఎండల్లో ఆ కంపుకి ముక్కు మూసుకుని నడుస్తారట, కందిరీగలట. దాన్ని మాత్రం నిజంగానే పారేస్తున్నారు. నీ గోడ అవతల ఉన్నది నీకు ఎవరూ ఫారంలో రాసివ్వలేదు కాబోలు. ఆకుపచ్చ పొగ్గొట్టం చూశాను. చక్కగా ఉంది. పొగ నల్లగా వస్తోంది.

అక్క,
ఓయ్‌నిసో


ఇస్ఫరా,
జనవరి 11

అక్కా,

ఈ ఉత్తరం రజబ్ వ్యాన్లో రావడం లేదు, బొగ్గు లారీలో వస్తోంది. డ్రైవరు పక్కన కూర్చుని నేనే రావచ్చు. నీ మొహం చూడటానికి సిగ్గుగా ఉంది.

నీ ఉత్తరం చదివి బల్ల సొరుగులో పెట్టేశాను. నాలుగు రోజుల తర్వాత మళ్లీ తీశాను, ఎందుకో తెలియదు. పెన్సిల్ అక్షరాలు చూస్తుంటే చిన్నప్పుడు మన గది గుర్తొచ్చింది. చలి మరీ ఎక్కువైన రోజున నా పెన్నులో సిరా గడ్డకట్టి గీతలే పడేవి. నువ్వు దాన్ని కుంపటి మీద కాచి ఇచ్చేదానివి. నీ పెన్ను పోలేదు అక్కా. నీ పెన్ను రాయడం లేదు. బీబీ పళ్లు గ్లాసులోంచి ఎందుకు రావట్లేదో కూడా అప్పుడే అర్థమైంది. ఇంజనీరుని, నాకు నాలుగు రోజులు పట్టింది.

ఆ రోజే ఇస్ఫరా వచ్చాను. సంగోబ్‌కి బొగ్గు ముట్టినట్టు రసీదు ఉంది. అక్టోబరు 5 తారీఖు. కింద సంతకం ఎవరిదనుకున్నావు? నాదే. పది కాగితాల మధ్యలో పెట్టి తెచ్చారు, చదవకుండా పెట్టేశాను. ఆ లారీ సంగోబ్ దారి పట్టనే లేదు. బాయిలర్‌కి చిప్పల్లేవు, జాము ఆర్డర్లు ఆగకూడదు. అందుకని డైరెక్టర్ మీ బొగ్గు దానికే వేయించాడు. నా ఆకుపచ్చ బాయిలర్ మీ బొగ్గుతో మొదలుపెట్టి ఇన్నాళ్లూ బొగ్గే తిని బతికింది. నివేదికలో మాత్రం రోజుకి ఇన్ని టన్నుల టెంక చిప్పలని రాస్తూనే ఉన్నారు. ఆ నివేదిక మీద కూడా సంతకం నాదే.

నోజనీన్ దగ్గు 'కాస్త' కాదని ఆసుపత్రిలో చెప్పారు. ఊపిరితిత్తులకి వచ్చిందట కదా. నువ్వు నాకెందుకు రాయలేదని అడిగే మొహం నాకు లేదు. ఆ పసిదాని చలి నేను గీసిన గీతల్లోంచే వచ్చింది. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

పొద్దున బాయిలర్ ఆపేయించాను. పెద్ద ధైర్యమేమీ కాదు, ప్రధాన ఇంజనీరు ఆపమంటే ఆపాలి, అంతే. ఆ కుర్చీ పనికొచ్చిన సందర్భం ఇదొక్కటే. మిగిలిన బొగ్గంతా ఈ లారీలో ఉంది. ముందు నీ ఇల్లు, బీబీ ఇల్లు, పసిపిల్లలున్న ఇళ్లు చూడు. రెండో లారీ రేపు వస్తుంది. అది నేను కొన్నది. జరీ చపాన్ మంచి ధరకే పోయింది.

విదేశీయులకి ఉత్తరం రాశాను. తొంభై ఆరు ఫారాలూ తప్పని, సంగోబ్‌లో పారేసే టెంక ఒక్కటి కూడా లేదని, మళ్లీ వచ్చి చూసుకోమని. ఫారాలు ఎందుకు తప్పయ్యాయో మాత్రం రాయలేదు. అది రాయాలా వద్దా అన్నది నీ ఇష్టం.

తమ్ముడు,
బహ్రిద్దీన్


సంగోబ్,
ఫిబ్రవరి 21

తమ్ముడు బహ్రిద్దీన్‌కి,

రెండు లారీలూ ముట్టాయి. ఈసారి నిజంగానే. నోజనీన్ దగ్గు పది రోజుల్లో తగ్గింది. ఇప్పుడు దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటోంది.

నిన్ను ప్రధాన ఇంజనీరు కుర్చీలోంచి దించి, ఇస్ఫరా బాయిలర్ దగ్గరే కాపలా పెట్టారని రజబ్ చెప్పాడు. శిక్ష వేశారటగా. మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉండమనడం శిక్ష అయితే, అంతకన్నా పెద్ద శిక్ష నేను వేస్తాను. ఇకనుంచి శుక్రవారం శుక్రవారం మా ఇంట్లో భోంచెయ్యాలి. సిగ్గుపడేది ఉంటే తిన్నాక పడు.

మొన్న విదేశీ పెద్దాయన వచ్చాడు. మీ డైరెక్టర్ కూడా పక్కనే ఉన్నాడు, మొహం కందగడ్డలా పెట్టుకుని. ఫారాలు పట్టుకుని మళ్లీ ఆ షహ్లోనే. ముందురోజు అందర్నీ మళ్లీ పిలిచాను. "ఈసారి నిజం చెప్పండి" అన్నాను. బీబీ నోరు వెళ్లబెట్టింది. "అతిథి ముందా?" అంది. "అతిథి ముందే" అన్నాను. "నీ తమ్ముడి చదువు నీకూ అంటుకుందే" అని గొణిగింది.

అందరూ బీబీ ఇంట్లోనే కూర్చున్నారు. ఆవిడ రొట్టె విరిచి, టీ పోసి, పెద్దాయన కాళ్లు సందలి కింద పెట్టించి, బొంత కప్పింది. కుంపట్లో నువ్వు పంపిన బొగ్గు. షహ్లో ఫారం తీసింది.

"బీబీ, టెంకలేం చేస్తారు?"

బీబీ నా వైపు చూసింది. నేను తలూపాను.

"కాలుస్తాం తల్లీ," అంది. "చలికి కాలుస్తాం. ఆ బూడిద కూడా దాచుకుంటాం. అసలు పారెయ్యం. ఒక్కసారే పారేశాం. నిరుడు సెప్టెంబరులో, మీ బాయిలర్లో."

షహ్లో అదంతా పెద్దాయనకి ఆయన భాషలో చెప్పింది. ఆయన కప్పు కింద పెట్టాడు. డైరెక్టర్ గోడ మీద తివాచీలో పువ్వులు లెక్కపెడుతున్నాడు. ఇది రాయనా వద్దా అన్నట్టు షహ్లో నా కేసి చూసింది. రాయమన్నాను. రాశాక, కింద సంతకం పెట్టాను. ఏప్రిల్లో పెట్టినంత ముత్యాల్లా రాలేదు.

పెద్దాయన వెళ్తూ మీ ఫ్యాక్టరీ వెనక్కి కూడా వెళ్లి ఆ పిప్పి కొండ చూశాడట. పచ్చిది మండదని నువ్వన్నావట. పచ్చిదెందుకు మండుతుంది? మేం ఖుబానీ ఎండబెట్టే పళ్లాలు జూలై తర్వాత ఖాళీ. టమాటా, ద్రాక్ష వచ్చేది ఆ తర్వాతే. మా చేతికి ఏది ఇచ్చినా ఎండబెడతాం, ఆ పిప్పి కూడా ఎండబెట్టి నీ బాయిలర్‌కి ఇస్తాం. దానికి కూలి ఎంతో, టెంకలు ఎవరివో ముందు కాగితం మీద రాసి, నువ్వే చదివి, అప్పుడు నీ సంతకం పెట్టి తీసుకురా.

శుక్రవారం పలావు వండుతున్నాను. పిల్ల ముక్కు చూసుకుందువు గాని.

అక్క,
ఓయ్‌నిసో

ఇదంతా పెన్నుతోనే రాశాను, చూసుకో. మధ్యలో ఒక్కచోట కూడా ఆగలేదు.